ఏ ఫిల్టరుకూ లొంగని నీళ్లు

మా ఇంటి వెనక ఈత కొలను ఉందంటే ఎవరైనా మమ్మల్ని శ్రీమంతులనుకుంటారు. మా స్కూల్లో తోటి టీచర్లూ అలాగే అనుకున్నారు. "ఇగ ఎండకాలమంతా మీ ఇంట్లనే, మేడమ్" అని ఆటపట్టించారు. "రండి, వచ్చేటప్పుడు ఎవరి నీళ్లు వాళ్లు తెచ్చుకోండి" అన్నాను. వాళ్లు నవ్వారు. నేను నవ్వించడానికి అనలేదు.

పటేల్‌గూడలో మా పెరట్లో ఉన్నది రెండు ఆటోలు ఒకదాని వెనక ఒకటి పట్టేంత గుంట. నీలం టైల్స్, ఒక పక్క మెట్లు, పట్టుకుని నిలబడడానికి స్టీలు పైపు. మా ఆయన కోసం తవ్వించాం. ఆయన ఫ్యాక్టరీలో ఫిట్టరు. పని మీద నిచ్చెనెక్కి వెల్లకిలా పడ్డాడు. వెన్నుకు ఆపరేషన్ చేశారు. కాళ్లు కదులుతాయి కానీ ఒంటి బరువు మోయవు. మనిషి మంచానికి అతుక్కుపోయాడు.

ఇంటికొచ్చి వ్యాయామాలు చేయించే ఫిజియోథెరపిస్టు ఒక ఆశ పెట్టాడు. "నీళ్లల్ల మనిషి బరువు తగ్గుతది, మేడమ్. ఛాతీ దాకా నీళ్లల్ల నిలబెట్టి నడిపిస్తే కాళ్లకు నడక మళ్ల యాదికొస్తది. లేటైతే మాత్రం కండ కరిగిపోతది. అప్పుడు నేను గూడ ఏం చెయ్యలేను."

అలాంటి కొలను ఉన్న ఆసుపత్రి హైదరాబాదులో ఉంది. ఒకసారి తీసుకెళ్లాం. హైవే మీద ఒక్కో గుంటకూ ఆయన నోట్లో తువ్వాలు కుక్కుకుని మూలిగాడు. వెనక్కి వచ్చాక, ఇంక నన్ను చంపినా ఆ దారిన రాను అన్నాడు. అందుకే పెరడు తవ్వాం. గుంట పూర్తయ్యాక, ఆపరేషన్ చేసిన డాక్టరు ఇంకో మాట చెప్పాడు. ఆయన కాళ్లకు స్పర్శ సరిగా లేదు, పుండు పడినా ఆయనకు తెలియదు, కాబట్టి నీళ్లు తాగేంత శుభ్రంగా ఉండాలి. తాగేంత! మా వైపు వచ్చి ఆ మాట అనడానికి ఎంత ధైర్యమో.

మా బోరు నీళ్లతో గిన్నెలు కడుగుతాం, బట్టలు ఉతుకుతాం. తాగం. ఈ మందుల ఫ్యాక్టరీల మధ్య, మందుల వాసన కొట్టే ఆ నీళ్లు ఎవరూ తాగరు. తాగడానికి మంజీర నది నీళ్లు రోజు విడిచి రోజు నల్లాలో సన్నగా వస్తాయి. వాటికి మోటారు బిగించి కొలను నింపితే వీధివీధంతా నా ఇంటి మీదికి వస్తుంది, రావాలి కూడా. కాబట్టి బోరు నీళ్లే పోయాలి, ఫిల్టరు పెట్టి శుభ్రం చేయాలి. అప్పటికి నాకున్న తెలివి అంతే.

పటాన్‌చెరు హైవే పక్కన ఫిల్టర్ల దుకాణానికి వెళ్లాను. దుకాణదారు మర్యాదస్తుడు, కుర్చీ తుడిచి మరీ వేశాడు. ఇసుక ఫిల్టరు చూపించాడు. పెద్ద కుండలాంటి దాంట్లో ఇసుక ఉంటుంది, పంపు నీళ్లను దాంట్లోంచి తోస్తుంది, మురికి ఇసుకలో ఆగిపోతుంది, వారానికోసారి నీళ్లు తిరగేసి కడుక్కోవాలి. తర్వాత కాగితం ఫిల్టరు చూపించాడు. విసనకర్రలా మడతలు పెట్టిన కాగితం, ఇసుక కంటే సన్నటి మురికిని పడుతుంది, పైపుతో కడిగి మళ్లీ పెట్టుకోవచ్చు. "ఏది మంచిదన్నా?" అంటే "రెండూ మంచియే, మేడమ్" అన్నాడు. అమ్మేవాణ్ణి అడిగితే ఇంకేం చెబుతాడు! ఇసుకదే తీసుకున్నాను. ఇసుక నాకు తెలిసిన వస్తువు, ఆ కాగితాన్ని నమ్మబుద్ధి కాలేదు.

కొలను నింపిన రోజు నీళ్లు తేటగా ఉన్నాయి. అడుగున టైల్స్ గీతలు కూడా కనిపించాయి. మా ఆయన మంచాన్ని కిటికీ దగ్గరికి జరిపించుకుని చూశాడు. ఎన్నాళ్లకో ఆయన ముఖం విప్పారింది. పురుగూ పుట్రా చావాలని, దుకాణదారు ఇచ్చిన క్లోరిన్ కలిపాను. నేను చూస్తూ ఉండగానే నీళ్లు పచ్చబడ్డాయి, ఎర్రబడ్డాయి, సాయంత్రానికి చాయ్ డికాక్షన్ అయ్యాయి. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్నట్టయింది నా పని.

ఫోన్ చేస్తే దుకాణదారు, "బోరుల ఇనుముంటది, మేడమ్. క్లోరిన్ పడంగనే బయటికొస్తది. ఫిల్టర్ నడుపుతనే ఉండుండ్రి" అన్నాడు. నడిపాను. ఆ పంపు చప్పుడు మా ఇంట్లో ఇంకో మనిషయిపోయింది. మూడో రోజున మా ఆయన మంచం మీంచి సలహా ఇచ్చాడు. "పటిక వెయ్యే. మా అమ్మ వాన నీళ్లల్ల పటిక తిప్పుతుండె. మట్టంత అడుక్కు పోతుండె."

మా ఇళ్లలో పటిక అంటే తిరుగులేని మందు. కుండలో తిప్పినట్టే, ఆయన కిటికీలోంచి "ఇంకింత, ఇంకింత" అంటుంటే కొలను నిండా తిప్పాను. మట్టి నిజంగానే ముద్దలు కట్టింది. కుండలో అయితే కదపకుండా ఉంచి పైనీళ్లు వంచుకుంటారు. నేను పంపు ఆపలేదు. ఆ ముద్దలన్నీ వెళ్లి ఇసుకలో కూర్చుని గట్టిపడ్డాయి. ఫిల్టరు మూత తీసిన దుకాణదారు ఇసుకను వేలితో పొడిచి చూసి, మూత మళ్లీ పెట్టేశాడు.

ఇసుక పోయింది, కాగితం వచ్చింది. తెల్లటి మడతలు ఒక్కరోజుకే బెల్లం రంగు తిరిగాయి. పొద్దున బడికి పోయే ముందు కడిగేదాన్ని, సాయంత్రం వచ్చి కడిగేదాన్ని. కడిగి కడిగి నా వేళ్ల సందులు ఒరుసుకుపోయాయి. చివరికి ఒక వారం గడిచాక నీళ్లు తేటపడ్డాయి. పరుగెత్తుకెళ్లి ఆయనకు చెప్పాను. ఆయనను దించే ముందు నేను దిగి చూడాలి కదా. చీర పైకి దోపి, మోకాళ్ల దాకా కాళ్లు నీళ్లలో దించి మెట్ల మీద కూర్చుని, ప్రార్థన కూడా చేసుకున్నాను. లేచేసరికి కాళ్లు దురద. తెల్లారేసరికి పొక్కులు.

దుకాణదారును పిలిచి కాళ్లు చూపించాను. ఆయన తల దించుకున్నాడు. "ఫిల్టర్ మురికిని పడ్తది, మేడమ్. నీళ్లల్ల కరిగిపోయినదాన్ని పట్టదు. మీ కింద భూమిల ఏమేం కరిగినయో నేనెట్ల చెప్పాలె?" అన్నాడు. ఆ మాట మొదటి రోజే చెప్పి ఉంటే ఆయనను దేవదూత అనుకునేదాన్ని. అప్పుడు మాత్రం గేటు దాటేదాకా తిట్టాను. ట్యాంకరు నీళ్లు కూడా పోయించి చూశాను. ఆ ట్యాంకరు జిన్నారం వైపు ఫ్యాక్టరీల పక్కనున్న బోరులోనే నింపుకొస్తుందని, నీళ్లు కొలనులో పడి అదే మందుల వాసన వచ్చాక తెలిసింది. పెనం మీంచి పొయ్యిలో పడ్డాం.

ఇంత జరుగుతుంటే ఆయన కాళ్లు సన్నబడుతూనే ఉన్నాయి. రోజూ నూనె రాసేది నేనే కాబట్టి పిక్క ఎంత తగ్గిందో నా అరచేతికి తెలిసేది. ఫిజియోథెరపిస్టు ఇంక కొలను మాట ఎత్తడం మానేశాడు. నేను వంటింట్లో కుళాయి విప్పి, ఆ చప్పుడులో ఏడ్చేదాన్ని.

ఇక్కడ మా చర్చిల సంగతి చెప్పాలి. మా నాన్నగారిది నీళ్లు చిలకరించి బాప్తిస్మం ఇచ్చే సంఘం. నాకు పసితనంలోనే అయిపోయింది. మా ఆయన వాళ్లది పెద్దయ్యాక నీళ్లలో నిలువునా ముంచే సంఘం. పెళ్లయిన దగ్గర్నుంచీ అత్తగారింటివాళ్లు నన్ను ముంచాలని చూశారు. నేను మునగలేదు. బాప్తిస్మం ఒక్కసారే, రెండోది తీసుకుంటే మొదటిది అబద్ధమని ఒప్పుకున్నట్టే అని మా నాన్నగారు చనిపోయే ముందు కూడా చెప్పారు. "నీకు చిలకరించిన నీళ్లు ఎప్పుడో ఆరిపోయినయే, టీచరమ్మా" అని మా ఆయన ఏడిపిస్తే, "మీరు మునిగిన నీళ్లు ఇంకా మీ చెవులల్లనే ఉన్నయ్, నా మాట అందుకే వినపడదు" అనేదాన్ని.

పక్క ఊళ్లో ఉన్న మా ఆయన వాళ్ల సంఘానికి ఒక ఆనవాయితీ ఉంది. పూర్వం ఊరి చెరువులోనే ముంచేవాళ్లు. చెరువు నురగలు కక్కడం మొదలయ్యాక చర్చి ఆవరణలో సిమెంటు తొట్టి కట్టారు. ఎవరైనా బాప్తిస్మానికి ముందుకొస్తే ఆ వారమంతా ప్రతి ఇంటివాళ్లూ తమ మంజీర నీళ్లలో రెండు బిందెలు తెచ్చి తొట్టిలో పోస్తారు. కార్యక్రమం అయిన వెంటనే తొట్టి అడుగున వాల్వు తిప్పి నీళ్లు చెట్లకు వదిలేస్తారు. నిలవ ఉంచరు. ఎవరూ మునగకపోతే తొట్టి ఎండి ఉంటుంది.

ఒక ఆదివారం ఎవరిదో బాప్తిస్మం ఉందని, ట్రాలీ ఆటోలో పరుపు వేసి, నత్తనడకన మా ఆయనను తీసుకెళ్లాం. తొట్టి దగ్గర నిలబడి చూశాను. ఛాతీ దాకా నీళ్లు, మెట్లు, పట్టుకోవడానికి పైపు. అడుగున సిమెంటులో మేస్త్రి తాపీ గీతలు కనిపిస్తున్నాయి. నేను ఇన్ని నెలలు ఫిల్టర్లతో చేయలేనిది ఊళ్లో ఆడవాళ్లు బిందెలతో చేశారు.

కార్యక్రమం కాగానే పాస్టరుగారి చేతులు పట్టుకున్నాను. "అయ్యగారూ, వాల్వు తిప్పొద్దు. జెర ఆయనను దించనియ్యుండ్రి." ఆయన సరేనన్నారు. నలుగురు కుర్చీతో సహా దించారు. మా ఆయన పైపు పట్టుకుని లేచాడు. లేచి, అడుగు వేశాడు. ఇంకో అడుగు వేశాడు. నా గొంతులోంచి ఏదో కేక వచ్చింది. తర్వాత ఎవరో వాల్వు తిప్పారు. "నన్ను అప్పుడే తియ్యకుండ్రి, ఏడిదాక నిలబడ్తనో చూస్త" అన్నాడు ఆయన. నీళ్లు నడుము దాకా దిగేసరికి ఆయన బరువు ఆయన మీదికి వచ్చి, కుప్పలా కూలాడు. పట్టుకున్నారు.

నడుము దాకా నిలబడ్డాడు! ఆ మాటే తలలో తిరిగింది. మళ్లీ ఎప్పుడు నింపుతారని పాస్టరుగారిని అడిగితే, "ఎవరన్న ముందుకొస్తే అమ్మా. తాగే నీళ్లు గదా, ఉత్తగ పొయ్యిమని ఎట్ల అడుగుత?" అన్నారు.

ఇక నేను సువార్తికురాలినయ్యాను. ఇంకా బాప్తిస్మం తీసుకోనివాళ్లెవరో వాకబు చేసి మరీ ఇళ్లకు వెళ్లాను. ఒకాయన తాగుడు మానాక చూస్తానన్నాడు. ఆడపడుచు కోడలు, "ఆత్మ ప్రేరేపణ రావాలె గదా, అత్తమ్మా" అంది. వారం పోయింది, ఇంకో వారం పోయింది. ఎవరికీ ప్రేరేపణ రాలేదు. ఆయన పిక్క నా చేతిలో ఇంకొంచెం తగ్గింది.

అప్పటిదాకా లెక్కలోకి తీసుకోని మనిషిని నేనొక్కదాన్నే మిగిలాను.

పాస్టరుగారి ముందు కూర్చుని అడిగాను. ఆయన ఆశ్చర్యపోయారు. "ఇన్నేండ్లు వద్దన్నవు, ఇప్పుడెందుకమ్మా?" అబద్ధం చెబుదామని దారంతా అనుకుంటూ వెళ్లాను. నోరు రాలేదు. "నీళ్ల కోసం, అయ్యగారూ. నేను మునిగితే గాని తొట్టి నింపరు."

"నీళ్ల కోసం బాప్తిస్మం నేనెట్ల ఇస్త?" అన్నారు. కోప్పడలేదు. అదే ఇంకా బాధగా అనిపించింది. లేచి నిలబడ్డాను. "ఆయన నడుస్తడని నమ్ముతున్నవా?" అని అడిగారు.

"నమ్మకుంటే ఇన్ని ఫిల్టర్లు ఎందుకు కొంట?" అని అరిచాను. పాస్టరుగారి ఇంట్లో అరిచాను.

ఆయన గోడ మీది క్యాలెండరు చూసి, "వచ్చే ఆదివారం తెల్లచీర తెచ్చుకో" అన్నారు.

ఆ వారం ఆడవాళ్లు బిందెలతో వస్తుంటే నేనూ మా రెండు బిందెలు మోసుకెళ్లి పోశాను. పోస్తున్నప్పుడు మా నాన్నగారు గుర్తుకొచ్చారు. క్షమించమని అడగలేదు. నా పసినెత్తిన చిలకరించినవి కూడా శుభ్రమైన నీళ్లే కదా, నాన్నా, ఇప్పుడు అవి ఎక్కడా దొరకడం లేదు అని మాత్రం చెప్పుకున్నాను.

ఆదివారం మా ఆయనను నాకంటే ముందే దించారు. పైపు పట్టుకుని నిలబడి నన్నే చూస్తున్నాడు. ఏడిపిస్తాడనుకున్నాను. ఏడిపించలేదు. ఆయన కళ్లలో నీళ్లున్నాయి. పాస్టరుగారు నా వెన్ను కింద చెయ్యి పెట్టి ముంచారు. చెవుల్లోకి నీళ్లు వెళ్లాయి, చల్లగా, ఏ వాసనా లేకుండా. లేచేసరికి మా ఆయన నాలుగైదు అడుగులు వేసి నా దగ్గరికి వచ్చి ఉన్నాడు. పైపు వెనక ఉండిపోయింది.

వాల్వు తిప్పారు. ఎవరూ ఆయనను పట్టుకోలేదు, పట్టుకోనివ్వలేదు. నేను పక్కనే చేతులు చాచి నిలబడ్డాను. నీళ్లు నడుము దిగాయి. నిలబడ్డాడు. తొడలు దిగాయి. పళ్లు బిగించి, వణుకుతూ నిలబడ్డాడు. మోకాళ్ల దగ్గరికి వచ్చేసరికి నా భుజం మీద కూలాడు. ఇద్దరం తడి సిమెంటు మీద కూర్చుండిపోయాం.

ఇంక మిగిలింది మోకాలి నుంచి పాదం దాకానే. నీళ్లు చెట్లలోకి పోతున్నాయి. నేను ముఖం మీది తడి తుడుచుకుని, తొట్టి చుట్టూ నిలబడ్డవాళ్ల ముఖాలు ఒక్కొక్కటీ చూడడం మొదలుపెట్టాను, ఇంకా మునగనివాళ్లు ఎవరున్నారా అని.