డాక్టరు గారు ఎక్కిన జట్కా

మా కొత్తపేట పశువుల డాక్టరు గారు పోయారని మొన్న రావులపాలెం బస్సులో పక్క సీటావిడ చెప్పింది. నాకు ఏడుపు కంటే ముందు సిగ్గు ముంచుకొచ్చింది.

డెబ్భైల చివర్లో మా నాన్నకు జట్కా ఉండేది. ఇంటిల్లిపాదీ దాని మీదే బతికేవాళ్ళం. ఒక వేసవిలో మా గుర్రం ఒంటేలుకని కాళ్ళు చాపి నిలబడి, ఎంత ముక్కినా నాలుగు చుక్కలే పోసేది. బేరానికెళ్ళి తిరిగొస్తే ఆ చుక్కల్లో నెత్తురు కనిపించేది. కడుపునొప్పేమోనని నాన్న వామునీళ్ళు పట్టారు. డాక్టరు గారు వచ్చి, చేతికి ఆముదం రాసుకుని, గుర్రం వెనక నుంచి మోచేయి దాటా లోపలికి పెట్టి కళ్ళు మూసుకున్నారు. ఏ పశువును తడిమినా ఆయనకదే అలవాటు.

"మూత్రసంచిలో రాయుందండి. నిమ్మకాయంత. కోసి తియ్యాలి."

"బతుకుద్దాండీ?" అన్నారు నాన్న.

"బతికించుకుందారండి."

గుర్రాన్ని నిలబెట్టే, తిమ్మిరి సూదేసి, తోక కింద ఒంటేలు దారిని కోశారు. ఆ దారినే పట్టకారు పంపి, రాయిని చితిపి ముక్కలుగా తీశారు. గుర్రం బతికింది. కోత మాత్రం పూర్తిగా మూసుకోలేదు. మళ్ళీ కుట్టినా నిలవలేదు. మగ గుర్రమైనా ఒంటేలు కడుపు కింద నుంచి కాక తోక కింద కోతలోంచే వెనక్కి చిమ్మి, జట్కాలో ముందు కూర్చున్నవాళ్ళ మీద పడేది. బస్టాండు దగ్గర జనం ముక్కులు మూసుకుని నవ్వేవారు. ఎక్కేవాళ్ళు లేక, నాన్న తలెత్తుకోలేక సందుల్లోంచి ఇంటికి తోలుకొచ్చేసేవారు. నేనైతే బడి ఇంకా దూరముండగానే దిగిపోయేదాన్ని.

ఒక ఉదయం డాక్టరు గారు ఇస్త్రీ బట్టలతో మా వాకిట్లోకి వచ్చి, నాన్న పక్కనే ముందు కూర్చున్నారు.

"ఆస్పత్రికి పోనివ్వండి."

"వెనక్కెళ్ళండి బాబుగారూ, తడిసిపోతారు."

"కోసినవాణ్ణి నేనండి. తడిసేది ఇంకెవరు?"

నవ్వులాటకి అనలేదు. ఆయన మొహం కందిపోయి ఉంది.

అప్పటి నుంచి రోజూ అలాగే వెళ్ళారు. బస్టాండు మీదుగానే తోలమనేవారు. "డాక్టరు గారే ఎక్కేరు, మనకేంటండీ" అంటూ జనం వెనక ఎక్కడం మొదలుపెట్టారు. మా పొయ్యి మళ్ళీ వెలిగింది. కానీ మీ తప్పేం లేదండీ అని ఆయనతో మా ఇంట్లో ఒక్కరమూ అనలేదు. మా గుర్రాన్ని బతికించిన మనిషి మా ముందు తల దించుకుంటే చూస్తూ ఊరుకున్నాం.

ఆ బజారు, ఆ ఉదయం నా కళ్ళ ముందే ఉన్నాయి. పగ్గాలు పట్టుకున్న నాన్న తల వంచుకున్నారు. పక్కన తడిసిన ప్యాంటుతో డాక్టరు గారూ తల వంచుకున్నారు. అందరి మధ్య నుంచి తలెత్తుకుని నడిచింది మా గుర్రం ఒక్కటే.