వంకలు మానేసిన మనిషి

గల్ఫ్‌లో, సల్వా అనే పేటలో నేను పనిచేసే ఇంట్లో డ్రైవరన్న వాళ్లది కోనసీమ. నాది కడప జిల్లా. ఆయన కారు నడుపుతాడు, నేను వంట చేస్తాను. ఆయన అసలు ఉద్యోగం మాత్రం నా వంటకు వంకలు పెట్టడమేనని నా నమ్మకం. పొద్దున టీ కోసం వంటింటి వెనక గుమ్మంలో నిలబడి, కళ్లతోనే గిన్నెలన్నీ వెతికి, "ఏంటమ్మా ఇయ్యాల, కూరా కారప్పొడా?" అని మొదలుపెట్టేవాడు. సంగటి చేసిన రోజున ముద్దను వేలితో నొక్కి చూసి, దీన్ని గోడకు పూస్తే ఇల్లు వందేళ్లు నిలబడుతుందనేవాడు. నేనేం తక్కువ తిన్నానా? కూరలో బెల్లం వేసుకునే మనుషులకు కారం సంగతి ఏం తెలుసని అడిగేదాన్ని. అలా ఆరేళ్లు హాయిగా గడిచాయి.

తర్వాత కరోనా వచ్చింది. కర్ఫ్యూ పెట్టారు. బళ్లు, ఆఫీసులు మూతపడ్డాయి, మా కారు రేకుల నీడలో నిలబడిపోయింది. యజమానురాలిని ఇక్కడ పనివాళ్లందరం మామా అనే పిలుస్తాం. ఆమె అత్తగారికి ఎనభై దాటాయి, పైగా ఆయాసం. అందుకని మామా ఒక నియమం పెట్టింది. డ్రైవరు ఇంట్లోకి రాకూడదు. నేను వెనక స్టూలు మీద పళ్లెం పెట్టి, బెల్లు కొట్టి, తలుపు వేసుకోవాలి. అప్పుడు ఆయన గేటు పక్కనున్న తన గదిలోంచి వచ్చి తీసుకుపోవాలి. తిన్నాక కడిగి మళ్లీ స్టూలు మీదే బోర్లించాలి.

లోపల నాకు ఊపిరి సలపని పని. ఆరుగురు పిల్లలు రోజంతా ఇంట్లోనే, ఏ ఇద్దరికీ ఒకే వేళకు ఆకలి వేయదు. ఒంటరితనమంటే ఏమిటో కనుక్కునే తీరిక కూడా లేదు. నిజం చెప్పాలంటే ఆ గేటు పక్క గది మీద నాకు కుళ్లుగా ఉండేది. ఏసీ వేసుకొని, కాళ్లు చాపుకొని, వేళకు పళ్లెం అందుకుంటున్నాడు, పెట్టిపుట్టాడు అనుకునేదాన్ని.

మొదట్లో ఆయన రోజూ కారు కడిగేవాడు. బ్యాటరీ పడిపోకుండా స్టార్టు చేసి పది నిమిషాలు అందులోనే కూర్చునేవాడు. ఒకరోజు కిటికీలోంచి చూస్తే సీటు బెల్టు కూడా పెట్టుకొని ఉన్నాడు. మూసిన గేటు ముందు, ఎక్కడికీ పోని కారులో. నాకు నవ్వు ఆగలేదు. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

కొన్నాళ్లకు కారు కడగడం ఆగింది. తలుపు అవతల నుంచి పెట్టే వంకలూ ఆగిపోయాయి. పళ్లెం మాత్రం ఖాళీగా, శుభ్రంగా, బోర్లించి ఉండేది. ఇన్నాళ్లకు నా వంట గెలిచిందని సంబరపడ్డాను. వాపును చూసి బలుపనుకోవడమంటే అదే. పది రోజులు గడిచేసరికి నాకే తోచలేదు. ఎవరూ ఏమీ అనకపోతే ఎంత బాగా వండినా గోడకు చెప్పుకున్నట్టే ఉంది. ఒకరోజు కావాలనే ఆయన వాటా కోడికూరలో పిడికెడు ఉప్పు పోసి పంపాను. ఈ దెబ్బకు బెల్లు ఆయనే కొడతాడని తలుపుకు చెవి ఆనించి కూర్చున్నాను. పళ్లెం ఖాళీగా వచ్చింది.

 నోటికి రుచి తెలియకపోవడం ఆ జబ్బు గుర్తని అప్పటికి అందరూ చెప్పుకుంటున్నారు. మామాకు చెబితే ఆయన్ని ఎక్కడికి తీసుకుపోతారో తెలియదు. చెప్పకపోతే ముసలామెకు ఏమవుతుందో తెలియదు. ఆ రోజు నోరు మూసుకున్నాను.

మర్నాడు మిద్దె మీద బట్టలు ఆరేస్తూ కిందికి చూశాను. ఆయన గది వెనక, గోడవారన, నాలుగు పిల్లులు నేను పంపిన కూర తింటున్నాయి. వాటి పక్కన ఆయన మోకాళ్లు పట్టుకొని కూర్చున్నాడు. గడ్డం పెరిగింది. చొక్కా భుజాల మీద వేలాడుతోంది. నిన్నటి ఉప్పుకు ఈ పిల్లులు ఎన్ని నీళ్లు తాగాయోనన్న ఆలోచన ముందు వచ్చింది. ఏడుపు తర్వాత వచ్చింది.

"అన్నా, పిల్లులకు పెడతాండావు సరే, నువ్వేం తింటాండావు?" అని పై నుంచే అడిగాను.

ఆయన తలెత్తడానికే చాలాసేపు పట్టింది. "ఆకలెయ్యట్లేదమ్మా. పని చేసినోడికి కదా ఆకలి."

"జరం గిరం ఉండాదా?"

"ఏం లేదమ్మా," అన్నాడు. నేనేమీ అడగకుండానే, "ఏం లేదు," అని మళ్లీ అన్నాడు.

జ్వరం లేదు, దగ్గు లేదు. మనిషి మాత్రం లోపల్లోపల కుంగిపోతున్నాడు. ముక్కులో పుల్ల పెట్టి చూస్తే తెలిసే జబ్బు కాదిది. ముసలామెను కాపాడుకునే హడావుడిలో ఈయన్ని అందరం గేటు పక్కన వదిలేశాం. నేను కుళ్లుకున్నది ఆ గది చూసే. ఇలాగే ఇంకొన్నాళ్లు పోతే మనిషి మనకు దక్కడని భయం వేసింది.

ఆ సాయంత్రం ఆయన భార్యకు ఫోన్ చేశాను. ఎప్పుడో ఆయన ఫోన్ పాడైనప్పుడు నా ఫోన్‌లోంచి మాట్లాడాడు, ఆ నంబరు ఉంది. నేను నోరు తెరవకముందే ఆమె అందుకుంది.

"మా ఆయనకేదో అయ్యిందండి. బానే ఉన్నానంటారు, పెట్టేత్తారు. ముప్పయ్యేళ్ల కాపరంలో నాకు వంక పెట్టకుండా ఫోన్ పెట్టెయ్యడం ఇదే మొదలండి."

ఇద్దరం ఒకే జబ్బును ఒకే గుర్తుతో పట్టుకున్నామన్నమాట. అంత బాధలోనూ ఇద్దరం నవ్వాం. ఆయనకేం ఇష్టమని అడిగాను.

"చేపల పులుసంటే ప్రాణం పెట్టేత్తారండి. మీరు మరీ బాగా చెయ్యకండి. కాస్త అటూ ఇటూ చేసి పంపండి, నోరు మూసుకుని ఊరుకోలేరు," అంది.

చేపలు కావాలంటే మామాను అడగాలి, కారణం చెప్పాలి. కొరివితో తల గోక్కోవడమే. అయినా చెప్పాను. "హరారా?" అని ముందు జ్వరం గురించే అడిగింది. లేదన్నాను. ఒక్కడే ఉండి ఉండి ఇలా అయ్యాడని నాకొచ్చిన అరబీలో కొంత, చేతులతో కొంత చెప్పాను.  ఆమె గుండె మీద చెయ్యి పెట్టుకొని, తనకూ నిద్ర పట్టడం లేదని చెప్పింది. ఆరేళ్లలో ఆమె తన గురించి నాతో అన్న మాట అదొక్కటే. వెంటనే ఫోన్ చేసి చేపలు తెప్పించి, "యల్లా, వండు," అంది.

మామూలు రోజుల్లో షర్క్ పేటలోని చేపల మార్కెట్టుకు ఆయనే వెళ్లి, మొప్పలెత్తి చూసి, బేరమాడి తెచ్చేవాడు. ఇప్పుడు ముక్కలు కోసి సంచిలో వేసి పంపారు. ఆ మొప్పలు ఎవరు చూశారో దేవుడికే తెలుసు. ఆయన భార్య చెప్పినట్టు బెండకాయలు వేశాను, చింతపండు చిక్కగా పిండాను. కారం మాత్రం మా కడప లెక్కే. అటూ ఇటూ చెయ్యమంది కానీ నా చెయ్యి ఒప్పుకోలేదు, మనసు పెట్టే చేశాను. దించీ దించగానే గిన్నెలో పోసి, పొగలు కక్కుతుండగా స్టూలు మీద పెట్టి బెల్లు కొట్టాను.

అరగంట తర్వాత తలుపు తీస్తే గిన్నె అక్కడే ఉంది. పక్కన అన్నం కూడా మెతుకు కదల్లేదు.

ఈసారి ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. నియమం గియమం మరిచి గుమ్మం దిగి, ఆయన గది వైపు కేకేశాను. "ఏందన్నా నువ్వు. ఒగ పూటంతా పొయ్యికాడ నిలబడి చేసినా. రోంతన్నా నోట్లో పెట్టుకోకపోతే ఎట్ల? ఈసారి పిల్లులకు గూడా పనికిరాలేదా?"

గది తలుపు తెరుచుకుంది. మాస్కు గడ్డం కిందికి లాక్కొని ఆయన చిరాగ్గా చూశాడు. ఆ చిరాకు చూసి ఎన్నాళ్లయిందో.

"పొయ్యి మీంచి దించిన పులుసు అప్పుడే తినేత్తారేంటమ్మా ఎక్కడైనా? ఓ రాత్రి ఊరద్దా? మూత తీసి చూశాను, ముక్క దారి ముక్కది, పులుసు దారి పులుసుది. తీసుకెళ్లి దాచు. రేపు తింటాను. అన్నం మాత్రం వేడిగా పంపు."

చేపల పులుసు మర్నాడు తింటారని ఆయన భార్య నాకు చెప్పలేదు. వాళ్లకది చెప్పాల్సిన సంగతే కాదు. మా ఊళ్లో చేప దొరకడమే అరుదు, దొరికిన రోజున పొయ్యి చుట్టూ కూర్చొని ఊడ్చేస్తాం. అలా నా తెలియనితనం వల్ల ఆ మనిషి నోటి నుంచి రేపు అన్న మాట వచ్చింది. ఎన్ని వారాలుగానో ఆయనకు రేపటితో పనే లేదు. గిన్నె రెండు చేతులా పట్టుకొని అక్కడే ఏడ్చేశాను.

"ఏడిత్తే ఏడువు గానీ, గిన్నెలో పడకుండా చూసుకో. ఉప్పెక్కువైపోద్ది," అన్నాడు.

ఒక్క పులుసుతో మనిషి బాగైపోయాడని చెప్పను. తర్వాత కూడా కొన్ని రోజులు పళ్లెం సగం అన్నంతో తిరిగొచ్చేది. మామా నియమం కాస్త సడలించి, పెరట్లో దూరం దూరంగా రెండు కుర్చీలు వేయించింది. సాయంత్రం టీ వేళ ఒకదాంట్లో ఆయన, ఒకదాంట్లో నేను. మాట్లాడని రోజులూ ఉండేవి, అయినా కూర్చునేవాళ్లం.

పులుసు చేసిన మర్నాటి పొద్దున మాత్రం ఆయన గడ్డం గీసుకొని వచ్చాడు. స్టూలు పక్కన నిలబడే తిన్నాడు, నేను గుమ్మంలో నిలబడ్డాను. కారం ఎక్కువన్నాడు. బెండకాయ చితికిపోయిందన్నాడు. చేప నిన్నటిది కాదు మొన్నటిదన్నాడు, మార్కెట్టుకు తను వెళ్లి ఉంటే ఇలాంటిది గడప తొక్కేదే కాదన్నాడు. ముక్క తర్వాత ముక్క తింటూ, ఆగకుండా అంటూనే ఉన్నాడు. లోపల మామా నన్ను పిలుస్తోంది, పిల్లలు పిలుస్తున్నారు. కాసేపు పిలవనిచ్చాను.