డిస్కులో దాక్కున్న శ్రీవారి పాదాలు

తిరుపతిలో నేను పనిచేసే ఆఫీసుకి ఉన్నది ఒక్కటే పెద్ద కంప్యూటర్. పన్నెండు మందిమి దాని మీదే పడి బతుకుతాం. మేం రాసిన ప్రోగ్రాం వాడకానికి సిద్ధం కావాలంటే దాని మీద బిల్డ్ చేయాలి. బిల్డ్ చేసినప్పుడల్లా అది కావాల్సిన సరుకంతా నెట్ నుంచి తెచ్చి, మళ్లీ పనికొస్తుందని డిస్కులో దాచుకుంటుంది. ఆ దాచుకున్న సరుకునే క్యాష్ అంటాం. అది ఉంటే బిల్డ్ ఐదు నిమిషాలు, లేకపోతే గంట. అందుకే ఎవడి క్యాష్ వాడికి ముద్దు, పక్కవాడిది చెత్త.

ఆ చెత్త ఊడ్చే బాధ్యత పాకాల నుంచి రోజూ రైల్లో వచ్చే మా సీనియర్ అన్న మీద ఉండేది. సోమవారం పొద్దున కూర్చుని ఫోల్డర్ పేరు చదవడం, కొట్టేయడం. నాది వరసగా మూడు వారాలు పోయింది. ఒళ్లు మండిపోయింది. అన్నకేమో భక్తి ఎక్కువ, కొండ కనిపిస్తే చాలు చేతులు జోడిస్తాడు. నాలుగో వారం నా క్యాష్‌కి 'శ్రీవారి పాదాలు' అని పేరు పెట్టాను.

ఆ పేరు దగ్గర అన్న చెయ్యి ఆగిపోయింది. "ఎవురు పెట్టినారో ఏమో, మనకెందుకప్పా," అని లెంపలేసుకుని కింది ఫోల్డర్‌కి జరిగాడు. నవ్వు ఆపుకోలేక టీ కొట్టుకి పరిగెత్తాను.

ఇలాంటి తెలివి దాగుతుందా? నెల తిరక్కుండా డిస్కంతా పుణ్యక్షేత్రమైపోయింది. 'అమ్మవారి పసుపు కుంకుమ', 'అఖండ దీపం'. ఆదివారం తప్పకుండా చర్చికి వెళ్లే టెస్టింగ్ అక్క 'సిలువ' అని పెట్టుకుంది. పాపం, లెంపలు వేసుకుని వేసుకుని అన్న చెంపలు కందాయి గానీ డిస్కులో జాగా మాత్రం రాలేదు.

ఈ గుట్టు తెలియనిది ఒక్కతే, నగరి నుంచి కొత్తగా చేరిన అమ్మాయి. ఆమె తన ఫోల్డర్‌కి తన పేరే పెట్టుకుంది. వారం వారం అదొక్కటే పోయేది. ఆమె ఆరు నెలల ట్రయల్ ముగిసే రోజు వచ్చింది. సాయంత్రం ఐదులోపు ఆమె పని కస్టమర్‌కి చేరితేనే ఉద్యోగం ఖాయం. రెండు గంటలకు బిల్డ్ మొదలుపెట్టింది. ముప్పావు వంతు అయ్యాక, డిస్కులో జాగా లేదని ఆగిపోయింది. మళ్లీ మొదలుపెట్టింది. మళ్లీ అక్కడే ఆగింది.

"మా నాయన మగ్గం దిగొచ్చి నన్ను దినామూ బస్సెక్కిస్తాడన్నా. ఉద్యోగం పోయిందని ఆయనకి ఎట్ల సెప్పేది?" అంది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

అన్న ఫోల్డర్లన్నీ చూసి తల పట్టుకున్నాడు. "అన్నీ దేవుడివే ఉండాయి. యాడ సెయ్యి పెట్టేది?"

సిగ్గుతో చచ్చిపోయాను. "అన్నా, అన్నిట్లోకీ పెద్దవి ఆ పాదాలే. అవి నావి," అన్నాను.

అన్న నన్ను పైనుంచి కిందిదాకా చూశాడు. "నీ పాదాలా! నీ పాదాలకా అబ్బా నేను మూణ్ణెల్లుగా లెంపలేసుకుంటాండేది?"

ఆఫీసంతా గొల్లుమంది. "తిరపతిలో ఉండుకోని గుండుకి భయపడతావా? తీసెయ్, మళ్లా మొలస్తాది," అని నా చేత్తోనే కొట్టేయించాడు. మిగతావాళ్లు కూడా ఎవరి దేవుణ్ణి వాళ్లు దించుకున్నారు. ఐదుకి ఏడు నిమిషాలుందనగా ఆమె బిల్డ్ పూర్తయింది. ఉద్యోగం నిలబడింది. నా ప్రాణం కూడా కుదుటపడింది.

సోమవారం ఊడ్పు ఇక నాదేనని అన్న శిక్ష వేశాడు. మొదటి సోమవారం దర్జాగా కూర్చుని, ఎవరిదని చూడకుండా కొట్టేస్తూ పోయాను. చివర్లో అన్నిట్లోకీ లావుపాటి ఫోల్డర్ ఒకటి తగిలింది. పేరు 'మా నాయన మగ్గం'.

తలెత్తి చూశాను. నగరి అమ్మాయి కీబోర్డులోకి తల దూర్చేసింది, భుజాలు మాత్రం నవ్వుకి ఊగుతున్నాయి. దేవుడి పేరుతోనే ఆటలాడినవాణ్ణి, నా వేలు కదల్లేదు. లెంపలేసుకుని కిందికి జరిగాను.