ఎల్లయ్య దగ్గర ఉన్న కాపీ

ఆంజనేయులు ఉద్యోగమేమిటో వివరించేలోపు విన్నవాళ్ళకు ఆవలింతలు వచ్చేవి. మాదాపూర్‌లో ఒక కంపెనీ, ఆరో అంతస్తులో ఒక చల్లటి గది. కంపెనీ కంప్యూటర్లలో ఆ రోజు జరిగిన పనంతా టేపుల మీదికి ఎక్కించడం, సరిగ్గా ఎక్కిందో లేదో చూడడం, పెట్టెలో సర్ది తాళం వెయ్యడం. ఆ పెట్టెను వ్యానులో తీసుకుపోయి ఇంకో బిల్డింగులో దాచేవాడు ఎల్లయ్య. ఒకచోట నిప్పంటుకున్నా ఇంకోచోట కాపీ మిగలాలి, అదీ ఆ పనిలో మొదటి పాఠం. పదకొండేళ్ళుగా కొత్తగా చేరిన ప్రతివాడికీ ఆంజనేయులే ఆ పాఠం చెప్పాడు. విన్నవాళ్ళు మేనేజర్లయ్యారు, చెప్పినాయన టేపుల దగ్గరే ఉండిపోయాడు.

పూర్తిపేరు సీతారామాంజనేయులు. తెనాలి వైపు మనిషి. పెళ్ళి కాలేదు. ఇందుకని చెప్పడానికి కారణమేమీ లేదు. సంబంధాలు చూసేవాళ్ళు కొన్నాళ్ళు చూశారు, తరవాత మానేశారు. మియాపూర్ డిపో వెనక రెండు గదుల ఫ్లాటులో ఆయనా, తల్లి అమ్మణ్ణీ ఉండేవారు.

అమ్మణ్ణికి పేపరు పైకి చదవడం అలవాటు. ఇంట్లో వింటున్నారా లేదా అన్నది ఆవిడకు అనవసరం. ధరలు, దొంగతనాలు, టెండరు నోటీసులు ఏదీ వదిలేది కాదు, మధ్యమధ్య తన వ్యాఖ్యానం తప్పేది కాదు. "మురుగుకాలవకు టెండరుట. ఆ కాలవ పోయినేడూ తవ్వారు కదరా, మళ్ళీ ఎవరు పూడ్చారూ?" అనేది. ఒక ఆదివారం ఆంజనేయులు కొత్త మైకు పనిచేస్తోందో లేదో చూడడానికి ఆవిడ ముందు పెట్టాడు. అది పనిచేసింది. అలా మొత్తం ముప్ఫైఎనిమిది ఆదివారాలు ఆవిడ చదివింది రికార్డు చేశాడు.

కంపెనీ తన పాత కంప్యూటర్లు వేలం వేస్తే ఇతనొకటి, ఎల్లయ్యొకటి ఇంటికి తెచ్చుకున్నారు. చెరొక చిన్న హార్డ్ డిస్కు కూడా కొన్నారు, కాపీలకు. నా కాపీ నీ ఇంట్లో, నీ కాపీ నా ఇంట్లో అని ఒప్పందం. నెలలో మొదటి ఆదివారం ఎల్లయ్య మూసాపేట నుంచి ఆంజనేయులు డిస్కు తెచ్చేవాడు. కొత్తవి అందులోకి ఎక్కించి, భోంచేసి, మళ్ళీ తీసుకుపోయేవాడు. రెండో ఆదివారం ఇతను ఎల్లయ్య డిస్కు పట్టుకుని అక్కడికి వెళ్ళేవాడు. అమ్మణ్ణి నవ్వి, "ఇస్తినమ్మ వాయనం, పుచ్చుకుంటినమ్మ వాయనం. ఆడవాళ్ళం నయంరా, మేం శనగలైనా పెడతాం" అనేది.

రెండువేల ఎనిమిది మేలో అమ్మణ్ణి పోయింది. ఆవిడ పోయాక ఆ ఇంట్లో మాట వినిపించేది నెలకు ఒక్క ఆదివారమే.

మరుసటి ఏడు డిసెంబరులో ఊరంతా తెలంగాణ మాటే. ఒకనాడు పొద్దున ఆంజనేయులు వస్తున్న బస్సు అద్దం మీద రాయి పడింది. ఆ అదురు ఇంకా తగ్గకముందే క్యాంటీనులో ఎల్లయ్య చాయ్ తాగుతూ, "తెలంగాణ వస్తె నువ్వేం పరేషాన్ గాకన్నా. నీకు వీసా నేనిప్పిస్త" అన్నాడు. ఇంకో రోజైతే ఇద్దరూ నవ్వుకునేవారు.

"మేం రాకముందు ఇక్కడేముంది ఎల్లయ్యా? రాళ్ళూ, తుమ్మచెట్లూ" అన్నాడు ఆంజనేయులు.

ఎల్లయ్య గ్లాసు కింద పెట్టాడు. "జొన్నలుండె. మా నాయినవి" అని లేచిపోయాడు.

ఆ సాయంత్రం ఆంజనేయులు ఒక పని చేశాడు. కోపంలో జరిగిపోయింది అనడానికి వీల్లేదు, ఆ పని తెలిసినవాడు తెలిసే చేశాడు. తన దగ్గరున్న ఎల్లయ్య డిస్కును తుడిచేసి, దాని నిండా సినిమాలు ఎక్కించాడు. అందులో ఏమున్నాయో అతనికి తెలుసు. నల్లగండ్లలో ఎల్లయ్య తండ్రి పొలం, గుమ్మం ముందు పశువుల కొట్టం, అమ్మేయక ముందు ఎల్లయ్య ఆఫీసు కెమెరా అడిగి తీసుకుని తీసిన ఫొటోలు. ఇప్పుడక్కడ అపార్టుమెంట్లు. ఎల్లయ్య ఇంట్లో అసలుది ఉందిగా, పోయిందేముంది అని తనకు తనే సర్దిచెప్పుకున్నాడు. వాడు మాత్రం నాది ఉంచుతాడా అని కూడా అనుకున్నాడు. ఎల్లయ్య ఇంకో కంపెనీకి వెళ్ళిపోయాడు. రెండేళ్ళు మాటల్లేవు. కొత్తగా ఇంకో కాపీ చేసుకోవాలని ఆంజనేయులుకు తోచకపోలేదు, కాని ఎక్కడ దాచాలి, ఎవరింట్లో? ఇంత పెద్ద ఊళ్ళో ఆ ప్రశ్నకు రెండో పేరు దొరకలేదు.

రెండువేల పదకొండులో సకల జనుల సమ్మె వచ్చింది. బొగ్గు ఆగింది, కరెంటు కోతలు మొదలయ్యాయి. ఒక మధ్యాహ్నం పోయిన కరెంటు వస్తూ పోతూ మళ్ళీ వచ్చాక, ఆంజనేయులు కంప్యూటరు లోపలి డిస్కు టక్, టక్ మని ఆగిపోయింది. సికింద్రాబాదు షాపువాడు విప్పి చూసి, "గీతలు పడ్డయి సార్. ఇది రాదు" అని చేతిలో పెట్టాడు. ఊరందరికీ శకునం చెప్పిన బల్లి కుడితిలో పడ్డట్టయింది. అమ్మ గొంతు ఇక ఉంటే మూసాపేటలో ఉండాలి, లేదా ఎక్కడా లేదు.

వెళ్ళడానికి తొమ్మిది రోజులు పట్టింది. తను చేసినట్టే వాడూ చేసి ఉంటాడన్న భయం అన్నాళ్ళూ కాలు కదలనివ్వలేదు. చివరికి ఆదివారం, సమ్మెలో బస్సులు లేక షేర్ ఆటో ఎక్కి, ఎల్లయ్య తలుపు కొట్టాడు. కనకమ్మ తలుపు తీసి, భర్తను పిలిచింది.

"రా అన్నా, కూసో" అన్నాడు ఎల్లయ్య. గొంతులో కోపమూ లేదు, సంబరమూ లేదు.

"నా కంప్యూటర్ పోయింది ఎల్లయ్యా. అమ్మ..." అని ఆగాడు.

ఎల్లయ్య లోపలికి వెళ్ళి బీరువా తెరిచాడు. పెళ్ళిచీరల మధ్య నుంచి, తువ్వాలులో చుట్టిన డిస్కు తెచ్చి అతని ఒళ్ళో పెట్టాడు. ఆంజనేయులుకు కళ్ళనీళ్ళు తిరిగాయి.

"మొన్న ఎండకాలం నాది గూడ పోయిందన్నా" అన్నాడు ఎల్లయ్య, కూర్చుంటూ. "గిట్లనే టక్ టక్ మన్నది. కొత్తది ఏయించిన గని, ఉన్నయన్ని పోయినయ్. కనకమ్మ ఏడ్సింది. ఎందుకేడుస్తవే, ఆంజనేయులన్న కాడ ఇంకోటున్నది గద అన్న. నేనే వచ్చి అడుగుదామనుకున్న, మొకం చెల్లలే. మంచిగున్నది గద నాది?"

అబద్ధం ఆడవచ్చు. వెతుకుతాను అనవచ్చు, అదీ పాడైందనవచ్చు. ఆ రెండూ నాలుక దాకా వచ్చాయి. ఒళ్ళో తువ్వాలు చూసి ఆడలేకపోయాడు.

"తుడిచేశాను. క్యాంటీనులో మాటామాటా వచ్చిందే, ఆ రోజే. దాని మీద సినిమాలు ఎక్కించాను. ఇక రావు."

చాయ్ తెస్తున్న కనకమ్మ గడప దగ్గర ఆగింది. గ్లాసులు స్టూలు మీద పెట్టి లోపలికి వెళ్ళిపోయింది.

"మా నాయిన అండ్ల తలకు కొత్త రుమాలు సుట్టుకున్నడు. ఫొటో దీస్తున్నవని సందుగులకెల్లి దీసి సుట్టుకున్నడు" అన్నాడు ఎల్లయ్య. తిట్టలేదు. తిడితే బాగుండునని ఆంజనేయులుకు అనిపించింది.

కరెంటు నాలుగింటికి గాని రాదు. అప్పటిదాకా ఆ గదిలో ఇద్దరూ ఉక్కలో కూర్చున్నారు. ఎల్లయ్య పొమ్మనలేదు, ఇతను లేవలేదు. ఫ్యాను తిరగడం మొదలయ్యాక ఎల్లయ్య లేచి, డిస్కు తీసుకుని తన కంప్యూటరుకు తగిలించాడు. అమ్మణ్ణి ఆదివారాలు ముప్ఫైఎనిమిదీ తన దాంట్లోకి ఎక్కించుకున్నాడు. ఎక్కిందో లేదో చూడాలిగా, ఒకటి మోగించాడు. అమ్మణ్ణి ఉల్లిపాయల ధర చదివి, "ఇక కోయక్కర్లేకుండానే ఏడవచ్చు" అంది. ఎవరూ నవ్వలేదు.

"అమ్మది ఒకటి నా కాడ ఉండనియ్యి" అన్నాడు ఎల్లయ్య, డిస్కు తిరిగి ఇస్తూ. "నీ కాడ భద్రం గాదు."

ఆంజనేయులు తలూపాడు. వాకిట్లో చెప్పులు వేసుకుంటూ కాస్త ఆలస్యం చేశాడు. ఎల్లయ్య వెంట వచ్చి, ఆటో ఎక్కడ దొరుకుతుందో చెప్పి, తలుపు దగ్గరే నిలబడ్డాడు. ఇదివరకటిలా తనది దాచమని ఏమీ ఇవ్వలేదు.