లచ్చవ్వ పెద్దమ్మ నడుము

ఈ పొద్దున జగిత్యాలలోని నా ఫిజియోథెరపీ గదికి ఒకామె నడుము పట్టుకుని వచ్చింది. ఆమె చేతుల నిండా తంబాకు, తడి తునికాకు వాసన. లచ్చవ్వ పెద్దమ్మ గుర్తొచ్చింది, వెంటనే కోపమూ వచ్చింది. పోయిన మనిషి మీద ఇంత కోపం ఉండకూడదేమో. ఉంది, ఏం చేయను!

కోరుట్లలో ఆమెది మా పక్కిల్లు. బీడీల చాట ఒళ్లో పెట్టుకుని పొద్దంతా కూర్చునేది. చిన్నప్పుడు నేనూ చుడతానని ఆకు అందుకుంటే చేతిమీద ఒక్కటిచ్చింది. "ముట్టుకున్నవంటే చూడు! నా లెక్క నడుం వంగాల్నా? పుస్తకం తెరిచి గట్టిగ సదువు, నేను వింట" అంది. రోజూ అలాగే చదివించింది. నేను ఈ పనిలో ఉన్నానంటే ఆ చాట పుణ్యమే.

తీరా ఆమె నడుమే నా మాట వినలేదు. వెన్నెముక కింది కీళ్లు అరిగి, లేవాలంటే ఏడుపొచ్చేది. కరీంనగర్ తీసుకుపోయాను. నొప్పిని మోసే సన్న నరాన్ని సూదితో చలి పెట్టి గడ్డకట్టించవచ్చు, లేదా వేడితో కాల్చవచ్చు అన్నాడు డాక్టరు. చలికైతే తర్వాత మంట తక్కువ, కానీ నరం తొందరగా కోలుకోవచ్చు. వేడికి కొన్నాళ్లు మంట ఉన్నా, ఉపశమనం మామూలుగా ఎక్కువ కాలం ఉంటుంది. ఏది చేసినా నరం మళ్లీ పెరుగుతుంది, అరిగిన కీలు అలాగే ఉంటుంది, ఆలోపు వ్యాయామంతో నడుమును బలపరచుకోవాలని మరీ మరీ చెప్పాడు.

"ఏది ఎక్కువ దినాలుంటదో గదే పెట్టుండ్రి సారూ" అంది పెద్దమ్మ. ఎంత తెలివిగా అడిగిందోనని మురిసిపోయాను. నా తలకాయ!

వేడి పెట్టించిన రెండు నెలలకు వెళ్లి చూస్తే మళ్లీ చాట ముందే ఉంది. నొప్పి ఉన్నప్పుడు గంటకోసారైనా లేచేది, ఇప్పుడు అదీ లేదు.

"ఏంది పెద్దమ్మా గిది? వ్యాయామం ఏది?" అని అరిచాను.

"నొప్పి పోయింది గద బిడ్డా. ఇగ కూసోవద్దంటె, ఎందుకు చేయించినవ్?"

నోటికొచ్చినట్టు తిట్టాను. ఆమె బీడీకి దారం చుడుతూ, "ఒర్రు బిడ్డా, గట్టిగ ఒర్రు, నేను వింట" అంది.

ఏడాది తిరక్కుండానే నొప్పి తిరిగొచ్చింది. ఆ తర్వాత ఆమెను లేపడానికి ఇద్దరు కావాల్సి వచ్చింది. పోయేదాకా అంతే. తప్పంతా ఆమెదేనని ఎన్నాళ్లు తిట్టుకున్నానో! డాక్టరును చలి గురించి, వేడి గురించి సవాలక్ష అడిగాను. నొప్పి పోతే ఏం చేస్తావని ఆమెను ఒక్కసారీ అడగలేదు.

ఇవాళ వచ్చినామెను అడిగాను.

"ఏం జేస్త? బీడీలు జేస్త" అంది.

ఒళ్లు మండింది. వచ్చిన తిట్టు మింగి, ఆమె ఎదుట నేలమీద కూర్చున్నాను.

"చాట ఎట్ల పెట్టుకుంటవో, ఆకు ఏడ పెడ్తవో, పొద్దంత ఎన్నిసార్లు లేస్తవో చెప్పక్కా. నేను వింట."