ఒడ్డును కోసిన కట్ట

సారలమ్మ భర్త మొగిలి గోదావరిఖనిలో భూగర్భ గని కార్మికుడు. తాను పోయాక బొగ్గు దుమ్ము పడని చోట పెట్టమని బతికుండగానే చెప్పుకున్నాడు. అందుకే పట్టణం దాటి, నది ఒడ్డున వాళ్లకున్న చేనులో పూడ్చి, పైన సిమెంటు గద్దె కట్టించింది సారలమ్మ. పాడె మోసిన వాళ్లలో లింగమూర్తి ఒకడు. మొగిలికి చిన్నాయన కొడుకు. ఆమెను వదినె అని పిలిచేవాడు.

లింగమూర్తి భూమి సారలమ్మ చేనుకు ఆనుకుని, ఎగువన ఉంది. అందులో ఇటుక బట్టీ నడిపేవాడు. నదికి ఎదురుగా రెండంతస్తుల ఇల్లు కట్టాడు. కట్టినప్పటి నుంచీ ప్రతి వానాకాలం ఒడ్డు కొంచెం కొంచెం విరిగి ఇంటివైపు వస్తుంటే అతనికి నిద్ర పట్టేది కాదు. ఒక ఎండాకాలం టిప్పర్లతో బండరాళ్లు తెప్పించి, తన ఒడ్డు నుంచి నదిలోకి చేయి చాపినట్టు ఒక రాళ్ల కట్ట పోయించాడు. ఇదేమిటని సారలమ్మ అడిగితే, తన ఇల్లు తాను కాపాడుకుంటున్నానని, ఆమె వైపు ఏమీ కాదని నమ్మబలికాడు.

ఆ ఏడు వరద వచ్చింది. కట్టకు కొట్టుకున్న నీళ్లు నది నడుమకు మళ్లి, అక్కడ సుడి తిరిగి, దిగువన సారలమ్మ ఒడ్డు మీద విరుచుకుపడ్డాయి. పెళ్లలు పెళ్లలుగా చేను కూలింది. సారలమ్మ చేను గట్టు మీదనే నిలబడి ఉంది. ఆమె కళ్లముందే గద్దె కింద మన్ను జారింది. గద్దె ఒక పక్కకు ఒరిగి, కాసేపు అలాగే ఆగి, నీళ్లలోకి దిగిపోయింది. ముందుకు ఉరకబోయిన ఆమెను బట్టీ మేస్త్రీ బుచ్చన్న రెక్క పట్టి వెనక్కి లాగాడు.

ఆ సాయంత్రం లింగమూర్తి పరామర్శకు వచ్చాడు.

"అన్న గంగలనే కలిసిండు వదినె. గంత పుణ్యం ఎంతమందికి దొరుకుతది" అన్నాడు.

సారలమ్మ అతని ముఖం వైపు చూసింది. ఏడవలేదు, తిట్టలేదు. తాగమని మంచినీళ్లు కూడా ఇయ్యలేదు. గద్దె పోయినందుకు కాదు, ఆ మాట అన్నందుకు వాణ్ని విడిచిపెట్టనని ఆమె తన అక్కతో తర్వాత చెప్పింది.

వరద తగ్గాక కోతకు గురైన ఒడ్డు చూడటానికి నీటిపారుదల శాఖ నుంచి సంధ్యారాణి అనే ఇంజనీరు వచ్చింది. చెప్పులు చేత పట్టుకుని బురదలో దిగి, సారలమ్మకు అంతా విడమరిచింది. నీటిని ఒకచోట ఆపితే అది ఇంకోచోట కోసుకుపోతుందని, నది అయినా సముద్రం అయినా ఒడ్డు గుణం ఇదేనని చెప్పింది. సముద్రం పక్క ఊళ్లలో కూడా ఒకరు రాళ్లు పోసుకుంటే పక్కవాళ్ల ఇసుక తీరం మాయమవుతుందట. కట్ట వెనక నీళ్లు నెమ్మదిస్తాయి కాబట్టి అక్కడ ఇసుక మేట వేస్తుంది. ఆ మేటే కట్ట మొదలును, లింగమూర్తి ఒడ్డును పట్టి నిలబెడుతుంది.

"మరి ఆ ఇసుక పోతే మేడం?" అని అడిగింది సారలమ్మ.

"పోతే కట్ట నిలవదు. ఒడ్డూ నిలవదు" అంది సంధ్యారాణి.

కట్ట తీసేయాలని సంధ్యారాణి పై అధికారులకు రాసి పంపింది. లింగమూర్తి కోర్టుకు పోయాడు. కేసు నడుస్తూనే ఉంది. సారలమ్మ ఒక్క వాయిదాకూ పోలేదు.

మళ్లీ ఎండాకాలం వచ్చింది. దగ్గరి చుట్టాల ఇంట్లో పురుడు జరిగితే ఇద్దరూ పోయారు. బట్టీ సరిగా నడవడం లేదని, ఇసుక తోలి అమ్ముదామంటే మంచి ఇసుక ఎక్కడా దొరకడం లేదని లింగమూర్తి భోజనాల దగ్గర నలుగురితో చెప్పుకుంటున్నాడు. వరద తర్వాత అతనితో ఒక్క మాట కూడా మాట్లాడని సారలమ్మ విస్తరిలోంచి తలెత్తింది.

"నీ కట్ట ఎనుక మేటేసింది గదా, అది ఇసుక గాదా?"

లింగమూర్తి నమ్మలేనట్టు చూశాడు. వదినె కోపం చల్లారిందనుకున్నాడేమో, నవ్వాడు.

"నీ కట్ట, నీ ఒడ్డు. అడిగేటోడెవడు?" అని ఆమె మళ్లీ తలవంచుకుని అన్నం కలుపుకుంది.

కొద్దిరోజులకే జేసీబీ నదిలోకి దిగింది. సారలమ్మ పొద్దుగూకే ముందు తన తెగిన చేను అంచుకు వచ్చి కూర్చునేది. ట్రాక్టర్ మీద ట్రాక్టర్ ఇసుక పోతుంటే, కట్ట మొదట్లో గుంత లోతవుతుంటే, చూసి ఇంటికి పోయి కడుపునిండా తినేది. గద్దె పోయినప్పటి నుంచి ఆమెకు అన్నం సయించింది ఆ రోజుల్లోనే.

వానలు పట్టుకున్నాయి. నది ఎర్రగా పొంగుతున్న పొద్దున ఆమె బట్టీ దగ్గరికి పోయి, గుడిసెల్లో ఉన్న కూలీలను పిల్లాజెల్లాతో మెరక మీదున్న బడికి పొమ్మని బుచ్చన్నతో చెప్పింది. సేటుకు కూడా చెప్పాలా అని అతడు అడిగాడు.

"ఆయన మేడ మీదున్నడు. ఆయనకు మనకంటె మంచిగ కనబడతది" అంది సారలమ్మ.

ఆ ఇంట్లో లింగమూర్తి భార్య కూడా ఉందని ఆమెకు తెలుసు. తెలిసే ఇంటిదారి పట్టింది.

మధ్యాహ్నానికి గుంత పక్కనుంచి కట్ట తెగింది. రాళ్లు ఒకదాని మీద ఒకటి దొర్లిపోయాయి. నీళ్లు బట్టీని ముంచి, ఇంటి పునాది కింద దూరాయి. మొగుడూ పెళ్లాం కట్టుబట్టలతో వెనక తలుపులోంచి బయటపడ్డారు. వాళ్లు రోడ్డు ఎక్కాక ఇంటి ముందు భాగం, వరండాతో సహా, నదిలో కూలింది. సారలమ్మ గొడుగు వేసుకుని వచ్చి ఆ కూలడం మొత్తం చూసింది.

వరద తీశాక లింగమూర్తి ఆమె గడప ముందుకు వచ్చాడు. లోపలికి రమ్మని ఆమె అనలేదు.

"నీకు ఎరికుండే చెప్పినవా వదినె, ఇసుక సంగతి?"

"ఎరికుండే చెప్పిన."

"పాణం పోతే ఏం చేస్తుంటివి?"

"గంగల కలిసిండ్రని చెప్పుకుందును" అంది సారలమ్మ.

అతడు గడప ముందు నుంచే వెనుదిరిగి వెళ్లిపోయాడు.

ఇప్పుడు ఆ ఒడ్డు పొడవునా వాలుగా రాళ్లు పరుస్తున్నారు, ఎవరి భూమి దగ్గరా నదిలోకి పొడుచుకు రాకుండా. సంధ్యారాణి దగ్గరుండి చేయిస్తోంది. పనిలో ఒకరోజు ఆమె సారలమ్మతో, అక్కా, ఆ మనిషికి ముందే ఒక మాట చెప్పి ఉండాల్సింది కదా అంది. పోయిన చేను తిరిగి రాదు. మొగిలి ఎక్కడున్నాడో తెలియదు. అయినా చేసినదానికి సారలమ్మకు రవ్వంత విచారం లేదు.

లింగమూర్తి గోదావరిఖనిలో కిరాయి ఇంట్లో ఉంటున్నాడు. కూరగాయల మార్కెట్ సందులో ఇద్దరూ అప్పుడప్పుడు ఎదురుపడతారు. సందు ఇరుకు, ఒకరు పక్కకు జరగాలి. సారలమ్మ సంచి చంకకు తగిలించుకుని, అతను జరిగేదాకా అలాగే నిలబడుతుంది.