మొదటి గాటు

మా అన్నయ్య బార్తోల్ ఆరేళ్ళలో కూరలు తరిగే చెక్కలు ఇరవై మూడు చేశాడు. వాటిలో ఒక్కదాని మీద కూడా ఎవరూ ఒక్క ఉల్లిపాయ తరగలేదు. ఫాదర్ గారు తనకిచ్చినదాని మీద కొవ్వొత్తులు నిలబెట్టుకున్నారు. పళ్ళ డాక్టరమ్మ, కుర్చీలో నోరు తెరుచుకుని వాలిన వాళ్ళకు ఎదురుగా కనబడేలా తగిలించింది. నాకిచ్చినది మా హాల్లో టీవీ పైన, మరియమ్మ పటానికీ మా పెళ్ళి ఫొటోకీ మధ్య వేలాడేది. చుట్టాలొస్తే ముందు దాన్నే చూపించేదాన్ని. అందులో తప్పేముందో నాకు చాలాకాలం తట్టలేదు.

అన్నయ్య చక్కెర మిల్లులో ముప్పై ఒక్క ఏళ్ళు కాటా దగ్గర పనిచేశాడు. చక్కెర దుంపల ట్రాక్టరు గేటు దాటుతుండగానే బరువెంతో చెప్పేసేవాడు. రిటైరయ్యాక పందుల్ని పెంచడం మానేసి, ఆ కొట్టాన్ని కడిగి సున్నం కొట్టి, రంపాలు తెచ్చి పెట్టుకున్నాడు. పందుల వాసన పోవడానికి ఏడాది పట్టింది. ఆయన మాత్రం మొదటి రోజునుంచే అక్కడ చెర్రీ చెక్క వాసన తప్ప ఇంకేమీ రావట్లేదని వాదించేవాడు.

అక్రోటు, చెర్రీ, మేపుల్ చెక్కల్ని వేలెడు బద్దలుగా కోసి, పక్కపక్కన పేర్చి, జిగురు పెట్టి బిగిస్తాడు. ఆరాక ఆ పలకను మళ్ళీ అడ్డంగా కోస్తాడు. కోసిన ముక్కల్ని నిలబెట్టి, ఒకటి విడిచి ఒకటి తిరగేసి మళ్ళీ అతికిస్తాడు. అప్పుడు నల్లవీ ఎర్రవీ తెల్లవీ గళ్ళు తేలతాయి. గరుకు కాగితంతో రుద్దడానికే రెండు రోజులు. ఆఖరున నూనె రాయగానే రంగులు ఒక్కసారిగా మేలుకుంటాయి. ఆ క్షణానికి మా వదిన రేజాను కేకేసి పిలవాల్సిందే. ఆవిడ పొయ్యి మీద ఏమున్నా వదిలేసి పరుగెత్తేది. అన్నయ్య కనుబొమల నిండా రంపప్పొట్టుతో, పెళ్ళినాడు కూడా నవ్వనంత నవ్వుతూ ఉండేవాడట.

ఇదంతా ఎందుకు మొదలుపెట్టాడో ఎవరినడిగినా కాలక్షేపానికనే చెబుతారు. నాకు మాత్రం తెలుసు. మా అమ్మకు బేరి చెట్టు చెక్క ఒకటుండేది. నగిషీ ఏదీ లేని ఉత్త పలక. నలభై ఏళ్ళు దాని మీదే ఉల్లిపాయలు తరిగింది, పిండి పరిచి సేమ్యాలు కోసింది. నడుమ అరచెయ్యి పట్టేంత గుంట పడిపోయింది. అమ్మ పోయాక కొత్త వంటగది కట్టించుకున్న మురిపెంలో ఆ చెక్కను విరగ్గొట్టి పొయ్యిలో పెట్టేశాను. ఆ చెక్క ఏమైందని అన్నయ్య అడగలేదు, నేనూ చెప్పలేదు. అడిగి తిట్టుంటే బాగుండేది.

పోయిన సకల పునీతుల పండుగనాడు సమాధుల దగ్గర పూలు పెట్టి అందరం మా ఇంటికొచ్చాం. అన్నయ్య కాఫీ కూడా ముట్టకుండా గోడ మీది చెక్క దించాడు. బొటనవేలితో తడిమాడు. వెనక్కి తిప్పి చూశాడు.

“ఏమే యాన్యా, నాలుగేళ్ళైంది. దీని మీద దుమ్ము తప్ప ఏమీ పడలేదా?”

“అంత అందమైన దాని మీద కత్తి ఎలా పెడతాం అన్నయ్యా?”

“తరుక్కోమని ఇచ్చాను. పూజించుకోమని కాదు.”

“మరి తోలుతాడు ఎవరు కట్టారు? నువ్వే బెజ్జం వేసి, నువ్వే తాడు కట్టి ఇస్తివి. వేలాడదీయక ఏం చెయ్యమంటావు?” నా నోరు ఊరుకోదు కదా. “అసలు మీ ఇంట్లో వదిన దేని మీద తరుగుతోందో చెప్పు ముందు.”

వదిన కాఫీ కప్పులోకి చూస్తూ అంది: “పచ్చ ప్లాస్టిక్ దాని మీద. ఒక్కసారి ఈయన చెక్క మీద ఉల్లిపాయ పెట్టాను. రెండో ముక్క పడేలోపు నూనె గుడ్డ పట్టుకుని నా భుజం మీదకొచ్చి నిలబడ్డాడు మహానుభావుడు.”

మేమందరం పగలబడి నవ్వాం. అన్నయ్య నవ్వలేదు. “సరే అయితే. ఎవరికీ అక్కర్లేని వస్తువు నేనెందుకు చెయ్యడం?” అని టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రమే కొట్టానికి తాళం వేశాడు.

వారం రోజులు ఉక్రోషం అనుకున్నాం. నెల దాటింది. పొద్దుటినుంచీ టీవీ ముందు కూర్చుని వాతావరణం వార్తలు చూస్తున్నాడని, ఆ వార్తలు చెప్పే పిల్లతో పోట్లాడుతున్నాడని వదిన ఫోన్ చేసింది. “తల ప్రాణం తోకకొస్తోందమ్మా. మీ అన్నయ్యను మళ్ళీ ఆ కొట్టంలోకి తోసే దారి చూడు. లేకపోతే నీ ఇంటికి పంపించేస్తాను.” నవ్వుతూనే అంది గానీ గొంతు బాగాలేదు. నాకూ భయమేసింది. అమ్మ చెక్కను కాల్చింది నేను. ఆయన చేసిన చెక్కను గోడకు తగిలించి వదిలేసిందీ నేనే.

డిసెంబరులో మా పెరట్లో పందిని కోసే రోజు వచ్చింది. పొద్దున్నే మంచు, కాగుల కింద మంట, చేతిచేతికీ ప్లమ్ సారా. ఏటా అన్నయ్య పందిని చూసి బరువు చెప్పాలి, తర్వాత మేం తూచి నోళ్ళు వెళ్ళబెట్టాలి. ఈసారి అడిగితే “నాకేం తెలుసు” అన్నాడు.

కొవ్వు ముక్కలు కోయడానికి బల్ల సర్దుతుంటే, నేను లోపలికెళ్ళి గోడ మీది చెక్క దించాను. గోడ మీద దానంత తెల్లటి చోటు మిగిలింది. తాడు తెంచేసి, చెక్క తెచ్చి కసాయి పావో ముందు పెట్టాను. ఎన్ని వందల పందుల్ని కోసినవాడో, చేతులు తుడుచుకుని రెండడుగులు వెనక్కి వేశాడు.

“అక్కా, దీని మీద చదరంగం ఆడుకోవచ్చు. కొవ్వు కోయమంటే నావల్ల కాదు. పాపం తగుల్తుంది.”

“అన్నయ్యా, నువ్వు కొయ్యి,” అన్నాను.

బార్తోల్ కత్తి అందుకున్నాడు. తెల్లటి కొవ్వు పలక చెక్క మీద పరిచాడు. కత్తి ఆనించాడు. ఎత్తాడు. మళ్ళీ ఆనించాడు. పెరడంతా అటే చూస్తోంది.

“రావట్లేదే చెయ్యి,” అన్నాడు మెల్లగా. తన చేతిని వేరెవరిదో అన్నట్టు చూసుకున్నాడు. “ఇక మీరు మాత్రం ఎలా కోస్తారులే.”

నేను కత్తి లాక్కున్నాను. కళ్ళు మూసుకుని ఒక్క వేటు వేశాను. చెక్క మోగింది. అన్నయ్య గొంతులోంచి “అబ్బా” అని వినబడింది, తన వేలే తెగినట్టు. రెండోదానికి చిన్నగా మూలిగాడు. పదోదానికి, “పెద్ద ముక్కలు కోస్తున్నావు, వేగవు” అని నన్ను తిట్టాడు. అప్పుడు నాకు ప్రాణం లేచొచ్చింది.

మధ్యాహ్నానికి దాని మీద వెల్లుల్లి కూడా దంచేశాం. సాసేజిలకు కలిపిన ఎర్రకారం పడి మేపుల్ గళ్ళు నారింజ రంగు తిరిగాయి. సాయంత్రం నేను వేణ్ణీళ్ళతో తోముతుంటే అన్నయ్య వచ్చి పక్కన నిలబడ్డాడు.

“ఈ మరక పోదు అన్నయ్యా.”

“పోవద్దు.” గాట్ల మీద బొటనవేలు నడిపించాడు.

చాలా ఏళ్ళుగా గొంతులో ఉన్న మాట అప్పుడు అనేశాను. “అమ్మ చెక్కను పొయ్యిలో పెట్టింది నేనే.”

“తెలుసు. ఆ రోజు మీ పొగగొట్టంలోంచి బేరి కట్టె వాసనొచ్చింది,” అన్నాడు. “ఇలా ఇవ్వు, నీకు తోమడం కూడా రాదు.” నా చేతిలోంచి బ్రష్షు తీసుకున్నాడు. పందినంతా అప్పటికే కోసేశాం గానీ, దాని బరువు నూట డెబ్భై నాలుగు కిలోలుంటుందని అప్పుడు చెప్పాడు.

కొత్త సంవత్సరం వచ్చాక కొట్టం తాళం తెరిచాడు. ఫిబ్రవరిలో ఒకరోజు వదిన నన్ను పిలిచింది. ఇరవై నాలుగో చెక్క వాళ్ళ వంటగది బల్ల మీద ఉంది. నూనెతో మిలమిలలాడుతోంది. బెజ్జం లేదు, తాడు లేదు. సరిగ్గా నడుమ, అక్రోటు గడి మీద నుంచి చెర్రీ గడి దాకా, బెత్తెడు పొడవున ఒక కత్తి గాటు.

“అయ్యో, ఇదెలా పడింది?” అన్నాను.

“నేనే పెట్టాను. మూడు రోజులు పట్టింది ధైర్యం రావడానికి. ఇకనుంచి మొదటి గాటు పెట్టకుండా ఎవరికీ ఇవ్వను,” అన్నాడు అన్నయ్య. “ఊఁ, రేజా, కానీ మరి. కొత్తదేం కాదుగా ఇప్పుడు.”

వదిన ఉల్లిపాయ తీసుకుని టకటకా తరగడం మొదలుపెట్టింది. అన్నయ్య రెండు చేతులూ ప్యాంటు జేబుల్లో దోపుకుని కిటికీ దగ్గర నిలబడ్డాడు. కుడి జేబులోంచి నూనె గుడ్డ కొస బయటికి వేలాడుతోంది. ఉల్లిపాయ మొత్తం అయిపోయేదాకా ఆ చెయ్యి జేబులోంచి బయటికి రాలేదు.